ఉత్తగనే పట్నం

ఆ కాలంలో మా నారాయణఖేడ్‌లో పట్నం ప్రయాణానికి సమ్మతమైన కారణాలు కొన్నే ఉండేవి: రోగం, కోర్టు, పెళ్లి, కూలి. (పట్నమంటే మాకు హైదరాబాదే, మిగిలిన నగరాలకు వాటి వాటి పేర్లు ఉన్నాయి.) ఈ నాలుగింటిలో ఏదీ లేకుండా బస్సెక్కడం పెళ్లి లేని ఇంట సన్నాయి పెట్టించడం వంటిదని పెద్దల తీర్పు. ఆ తీర్పును నేను అప్పుడు శిరసావహించలేదు. ఇప్పుడు ఆ శిరస్సు పూర్తిగా నెరిసింది. అయినా వంచే ఉద్దేశం లేదు.

నాకప్పుడు తెలుగు పండితుడిగా కొత్త ఉద్యోగం. ప్రబంధాలు కంఠస్థమై ఉండడంచేత కూరలమ్మే ఆమెతో సైతం సమాసాలలోనే బేరమాడేవాణ్ణి. (ఆమె నన్ను చూడగానే తట్ట నెత్తికెత్తుకొనేది.) మా బుడ్డదానికి రెండేళ్లు నిండాయి, మాటలు ఒక్కొక్కటే పట్టుకుంటున్నది. రెండు రోజులు సెలవు కలిసివచ్చింది. బిడ్డను తీసుకొని ఎక్కడికైనా వెళ్లివద్దామని నాకు బుద్ధి పుట్టింది. బీదరు మాకు దగ్గర, అక్కడి కోట ఘనమైనది. కనుక ఆ కోట బురుజులను, కందకాలను నా భార్య ఎదుట చాలాసేపు వర్ణించాను. ఆమె చిక్కుడుకాయలు గిల్లుతూ అంతా విన్నది. విని, "పట్నం పోదాం. డబుల్ డెక్కర్ మీదంతస్తుల, ముందు సీట్ల కూసోవాలె" అన్నది.

ఆమె అంతకుముందు పట్నం చూడలేదని కాదు. తండ్రి జబ్బుపడినప్పుడు పెద్ద దవాఖానలో ఆయన మంచం పక్కనే ఉన్నది. ఆ దినాలలో ఆమె చూసిన పట్నమంతా ఒక్క కిటికీ. ఆ కిటికీ ముందునుంచి రెండంతస్తుల బస్సు పోతుండేది. పై అంతస్తులో జనం ఏదో చూసి నవ్వుతుండేవారట. "ఏం జూసి నవ్విన్రో మల్ల తెల్వనే లేదు" అన్నది. నా కోట అక్కడే కూలిపోయింది.

ఇక మా అమ్మ. "పట్నమా? ఏం పనిరా?" అన్నది. "పనేమీ లేదమ్మా, వినోదార్థం" అన్నాను గంభీరంగా. "వినోదెవడు? ఏ ఊరోడు?" అన్నది అమ్మ. వినోదుడనే వాడెవడూ లేడని నచ్చజెప్పేసరికి పొద్దు వాలింది. అప్పుడు అమ్మ రాజీకి దిగింది. "అట్లయితె బీదరే పోండ్రి. ఝరణి నర్సింహస్వామి ఉన్నడు, మొక్కున్నదని చెప్పొచ్చు. లేకుంటె బుడ్డదానికి దగ్గు లేస్తుందను. గా పట్నం దవాఖానల ఒక్కసారి చూపిచ్చుకరా. అడిగెటోళ్లకు ఓ జవాబుంటది గద."

దవాఖాన అన్న మాట పడగానే చిక్కుడుకాయ గిల్లుతున్న నా భార్య వేళ్లు ఆగిపోయాయి. అది చూసి నాకు రోషం వచ్చింది. దేవుడు వద్దు, డాక్టరు వద్దు, పెళ్లి వద్దు. ఏ సాకూ చంకన పెట్టుకోకుండా పోతాము, తిరిగి వస్తాము, అడిగినవారికి ఆ మాటే చెబుతాము అని ప్రతిజ్ఞ చేశాను. "చెయ్, చెయ్. నీ పిచ్చి ప్రతిజ్ఞలు" అన్నది అమ్మ.

మొదటి పరీక్ష ఎదురింటి తాయెత్తు పెద్దమ్మ రూపంలో వచ్చింది. జ్వరానికీ, దిష్టికీ, బర్రె పాలివ్వకపోవడానికీ కూడా తాయెత్తు కట్టడంచేత ఆమెకు ఆ పేరు. "యాడికి పంతులూ, సంచులు సదురుతుండ్రు?" అని అడిగింది. "ఊరికే వెళుతున్నాం, పెద్దమ్మా" అన్నాను. తెల్లవారేసరికి ఆమె చింతపండు మూటతో వాకిట నిలబడి ఉన్నది. "కోడలు తల్లిగారి ఊరికేనట గద. గాడనే, కల్హేర్ల, మా చెల్లె ఉంటది, గిది ఇయ్యుండ్రి."

మేము కల్హేరుకు కాదు, పట్నానికి అన్నాను. "మరి ఊరికే అంటివి గద?" అన్నది. ఊరికి అన్న పదానికి, ఊరికే అన్న అవ్యయానికి గల భేదాన్ని నేను సోదాహరణంగా వివరించబోతుండగా నా భార్య అడ్డు తగిలి, "ఉత్తగనే పోతున్నం పెద్దమ్మా" అన్నది. పెద్దమ్మకు మాట అర్థమైంది. సంగతి మాత్రం నమ్మబుద్ధి కాలేదు. బుడ్డదాని మొహం ఎత్తి చూసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "చెప్పుకోరాని బీమారా బిడ్డా? చెప్పకులే" అని కొంగుముడి విప్పి, పిల్ల దండచేతికి ఒక తాయెత్తు కట్టి, మూట తీసుకొని వెళ్లిపోయింది.

మేము బస్టాండు చేరేలోగా ఆ వార్త మాకంటే ముందు చేరింది. ఒకరు బ్రెడ్డు తెచ్చారు, ఒకరు మోసంబీలు తెచ్చారు. (బ్రెడ్డు అప్పట్లో రోగులకు మాత్రమే ఇచ్చే పదార్థం, ఆరోగ్యవంతుడు తింటే అప్రతిష్ఠ.) "పిల్లకు ఏ రోగమూ లేదు" అని ప్రతివారికీ చెప్పాను. చెప్పినకొద్దీ వారి ముఖాలలో జాలి పెరిగింది.

బస్సు కిక్కిరిసి ఉన్నది. కండక్టరు పిల్లను, బ్రెడ్డును చూసి, "దవాఖానకా? ఏయ్, జరుగుండ్రి, పోరికి పానం బాగలేదంట" అని ముందు సీటు ఖాళీ చేయించబోయాడు. ప్రతిజ్ఞ నన్ను పొడిచింది. "బాలిక సంపూర్ణారోగ్యవంతురాలు. మేము విహారార్థమై వెళుతున్నాము" అని ప్రకటించాను. లేవబోయిన ముసలాయన తిరిగి కూర్చొని పంచె సర్దుకున్నాడు. జోగిపేట దాకా నిలబడ్డాం. "సీటు దొరికినంక చెప్తె కాకపోవునా, గా ముచ్చట?" అన్నది నా భార్య. (ఈ ప్రశ్నకు ఏ శాస్త్రంలోనూ నాకు నేటివరకు సమాధానం దొరకలేదు.)

పట్నంలో మేము చూడవలసినవన్నీ ఒక వరుసలో అనుకొన్నాను. చూసింది మాత్రం ఒక్క బస్సు. పై అంతస్తు, ముందు సీటు. ఎవరికోసం వచ్చామని ఊరంతా అనుకున్నదో, ఆ బుడ్డది ఎక్కీఎక్కగానే తల్లి భుజంమీద నిద్రపోయింది. కండక్టరు పైకి వచ్చి, "ఎక్కడ దిగుతరమ్మా?" అని అడిగాడు. "యాడ దిగం. ఉత్తగనే ఎక్కినం" అన్నది నా భార్య. ఆయన వింతగా చూసి టికెట్లు చింపాడు. చివరిదాకా పోయి, అదే బస్సులో వెనక్కు వచ్చాం. వచ్చేటప్పుడు ఆ దవాఖాన వచ్చింది. ఆమె కిటికీలను వెతుక్కున్నది. దొరికినట్టున్నది, చాలాసేపు అటే చూసి, చిన్నగా నవ్వింది. ఏం చూసి నవ్వావని నేను అడగలేదు. ఆ రోగుల బ్రెడ్డు మా ఇద్దరి మధ్య పెట్టింది. అంత రుచిగల పదార్థాన్ని రోగుల పాలు చేసినవాడెవడో గాని దుర్మార్గుడు. అప్పుడే లేచిన బుడ్డది తనకూ ఒక ముక్క కావాలని చేయి చాచి, పట్నంలో నేర్చిన మొదటి మాట పలికింది: "ఉత్త."

మరునాడు ఊళ్లో దిగేసరికి తాయెత్తు పెద్దమ్మ, మా అమ్మ వాకిట్లోనే ఉన్నారు. "డాక్టర్ ఏమన్నడు, బిడ్డా?" అన్నది పెద్దమ్మ, పిల్లనెత్తుకొని. "ఉత్త" అన్నది బుడ్డది.

"ఇన్నవా అక్కా?" అన్నది పెద్దమ్మ మా అమ్మతో. "ఏం లేదు, ఉత్తదేనని చెప్పిండట డాక్టరు. నేను తాయెత్తు కట్టినప్పుడే సగం పోయింది, గదంతే." అమ్మ నావంక చూసి కొంగుతో నోరు మూసుకున్నది. నేను ఖండించాను. ఆ తర్వాత కూడా చాలాసార్లు ఖండించాను. మా ఊరి చరిత్రలో నేటికీ ఆ పిల్లను బతికించింది తాయెత్తే.

ఇప్పుడా రెండంతస్తుల బస్సులు లేవు. మా పట్నం ప్రయాణాలన్నీ నా భార్య మోకాళ్లకోసమే. పోయిన వారం బస్సులో పక్క సీటు పిల్ల, ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకొని కూర్చున్న నా భార్యను మర్యాదగా అడిగింది: "దవాఖానకా, అమ్మమ్మా?"

నేను సత్యం చెప్పబోయాను. సమాసం కూడా కుదిరింది. ఆమె నా మోచేతిని నెట్టి, కవరును కొంగుకింద దాచింది.

"కాదు బిడ్డా, ఉత్తగనే" అన్నది.