ల్యాబ్ కంప్యూటర్ తెరుచుకోని సోమవారం

ఎల్లారెడ్డిలో నాకు చిన్న కంప్యూటర్ సెంటర్ ఉండేది. పొద్దున పిల్లలకు టైపింగ్, ఎక్సెల్ నేర్పేదాన్ని. మిగతా వేళల్లో ఎవరి కంప్యూటర్ మొండికేస్తే వాళ్ల దగ్గరికి పోయేదాన్ని. ఆడమనిషి సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీస్తే "సార్ రాలేదా?" అని అడిగేవాళ్లు. "నేనే సార్‌ను" అని చెప్పీ చెప్పీ నా నోరు కొంచెం దురుసైపోయింది. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. ఏ రోజు బస్సులు తిరుగుతాయో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయేవాళ్లు.

ఆ సోమవారం తిరిగాయి. పొద్దున్నే కామారెడ్డి నుంచి ఫోన్. అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రి కంప్యూటర్లు నేనే చూసుకునేదాన్ని. ఫోన్ చేసింది డాక్టరుగారే.

"మేడం, ల్యాబ్ పిల్ల పాస్‌వర్డ్ మార్చి కూసున్నది. ఒక్క రిపోర్టు బయటికొస్తలేదు. జల్ది రాండ్రి."

ల్యాబ్ పిల్ల అంటే నా దగ్గర నేర్చుకున్న పిల్ల. మా ఎల్లారెడ్డి పక్క ఊరే. నేను మాట సాయం చేస్తేనే ఆ ఉద్యోగం దొరికింది. బస్సెక్కి చూస్తే ముందు సీట్లో వాళ్లమ్మ కూర్చుని ఉంది. బీడీలు చుట్టి ఆ పిల్లను చదివించిన మనిషి. నన్ను చూడగానే వచ్చి పక్కన కూలబడింది.

"డాక్టర్ సార్ ఫోన్ చేసిండు బిడ్డా. నీ పిల్లను తోల్కపో అన్నడు. ఏం పాడుపని చేసిందో ఏమో! శనివారం నాడు మా అన్న బిడ్డ పెండ్లికి బీర్కూర్ పోత, సెలవియ్యమని అడిగిందట. సార్ తిట్టిండట. దాని కోపం నీకెరికే గద."

"ఏం చెయ్యలేదవ్వా, నేను చూస్త గద" అన్నాను. అన్నానే గానీ నాకూ భయం లేకపోలేదు. ఆసుపత్రులన్నీ ఒక్క రోడ్డు మీదే ఉన్న ఊరది. కంప్యూటర్‌కు తాళం వేసి పగ తీర్చుకుందన్న మాట ఒకసారి పడితే, ఇక ఆ రోడ్డులో ఆ పిల్లకు ఎవరూ పని ఇవ్వరు.

ఆసుపత్రి హాల్లో రిపోర్టుల కోసం వచ్చినవాళ్లు బెంచీల నిండా ఉన్నారు. ల్యాబ్ గుమ్మం దగ్గర ఆ పిల్ల నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి. డాక్టరుగారు అందరికీ వినబడేట్టు మొదలుపెట్టారు.

"సెలవియ్యలేదని సిస్టం లాక్ చేసింది మేడం. పాస్‌వర్డ్ చెప్పమంటె చెప్తలేదు. తప్పు చెయ్యకుంటె చెప్పనీకేంది?"

ఆ పిల్ల నావైపు చూసింది. "పాతదే కొడుతున్న అక్కా. తీసుకుంటలేదు. ఎవ్వరికి చెప్పొద్దని మీరే చెప్పిన్రు గద."

చెప్పాను. నాకు కూడా చెప్పొద్దని గట్టిగానే చెప్పాను. ఆ రిపోర్టులన్నీ ఆమె పేరు మీద వెళ్తాయి. ఇంకొకరు ఆమె పేరుతో లోపలికి వెళ్లి ఎవరి రక్తం లెక్కో మార్చేస్తే, జవాబు చెప్పాల్సింది ఆమే. నేను నేర్పిన మంచిమాటను పట్టుకునే ఆ పిల్ల దొంగలా నిలబడింది. నా ఒళ్లు మండిపోయింది.

వాళ్లమ్మ బతిమాలింది. "చెప్పు బిడ్డా. ఆ మాటేందో చెప్పి సార్ కాళ్లు మొక్కు."

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"గదంత ఎందుకు మేడం?" అన్నారు డాక్టరుగారు. "సర్వర్ పెద్ద పాస్‌వర్డ్ మీ దగ్గరున్నది గద. కొత్తది పెట్టి తెరువుండ్రి. పిల్లను ఇంటికి పంపిస్త."

ఒక్క వరుస కొడితే కొత్త పాస్‌వర్డ్ పడుతుంది. కానీ పాతదాని మీద కొత్తది పడితే పాతది ఆనవాలు లేకుండా పోతుంది. సర్వర్ పాస్‌వర్డ్‌ను ఎవరూ చదవలేనట్టు దాచుకుంటుంది, నేను కూడా వెనక్కి తీయలేను. అంటే, ఆ పిల్ల దాన్ని మార్చలేదని చెప్పగలిగిన సాక్ష్యం అదొక్కటే. దాన్ని నా చేత్తోనే తుడిచెయ్యమంటున్నాడు ఈయన.

"జర ఆగుండ్రి సార్" అన్నాను.

"బయట పేషెంట్లు కూసున్నరు!"

"కూసోనియ్యుండ్రి. పిల్ల మీద నింద వేసేటప్పుడు ఆగలేదు గద, ఇప్పుడు ఆగుండ్రి."

సర్వర్ మెట్ల కింద అరలో ఉండేది. దాని ముందు ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాను. వెనకాల డాక్టరుగారి చెప్పులు అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడు. ఆ పిల్ల నిజంగానే కోపంలో మార్చేసి ఉంటే? ఆ భయంతోనే, లోపలికి రానివ్వని ప్రతిసారీ సర్వర్ రాసిపెట్టుకున్న వివరాలు తెరిచాను.

ప్రతి వరుసలో ఆ పిల్ల పేరు ఉంది, ఆ పక్కనే ఏ కంప్యూటర్ నుంచి వచ్చిందో దాని అడ్రసు ఉంది. అది ల్యాబ్ అడ్రసు కాదు, రిసెప్షన్‌ది. ఈ పిల్లేమో ల్యాబ్‌లోనే కూర్చుని కొట్టింది.

అప్పుడు వెలిగింది. మన ఊళ్లలో కొత్త మనిషిని ఎవరని అడిగి ఊరుకోరు, ఎక్కడి నుంచి వచ్చావని కూడా అడుగుతారు. ఆ సర్వరూ అంతే. రిపోర్టులను ఇంకొకరు ముట్టుకోకుండా, ల్యాబ్ పిల్ల పేరు ల్యాబ్ కంప్యూటర్ నుంచి వస్తేనే ఒప్పుకునేట్టు హైదరాబాద్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్లు పెట్టిపోయారు. వేరే కంప్యూటర్ నుంచి వస్తే పాస్‌వర్డ్ సరైనదైనా కాదంటుంది. పాస్‌వర్డ్ తప్పయినా సరే, చోటు తప్పయినా సరే, తెరమీద కనిపించేది ఒకటే మాట, అనుమతి లేదని.

కంపౌండర్‌ను పిలిచాను. "నిన్న ఇక్కడ ఏమన్న జరిపిన్రా?"

అతను ముందు డాక్టరుగారి మొహం చూశాడు. "వాస్తు పంతులు చెప్పిండక్కా. ల్యాబ్‌ల కూసునేటోళ్లు తూర్పు మొఖం పెట్టాల్నట. ఆదివారం టేబుళ్లన్ని జరిపినం. వైర్లన్ని పీకి మళ్ల పెట్టినం. సీపీయూ డబ్బాలేమో అన్ని నల్లయే. ఏది ఏడిదో..."

మిగతాది వినలేదు. ల్యాబ్ డబ్బా రిసెప్షన్‌కు, రిసెప్షన్ డబ్బా ల్యాబ్‌కు చేరాయి. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చి రిసెప్షన్ కుర్చీలో కూర్చోబెట్టాను. డాక్టరుగారు అడ్డం వచ్చారు.

"ఆమె కంప్యూటర్ ముట్టొద్దు!"

"ఆమెనే ముట్టాలె సార్. నేను తెరిస్తె ఏం తెలుస్తది?"

బెంచీల మీదివాళ్లంతా లేచి చూస్తున్నారు. ఆ పిల్ల వేళ్లు వణుకుతున్నాయి. పాస్‌వర్డ్ కొట్టి బటన్ నొక్కింది. అనుమతి లేదు.

"సూసిన్రా!" అన్నారు డాక్టరుగారు. వాళ్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"వేళ్లు వణికితే తప్పు పడతది. మళ్ల కొట్టు. నిమ్మళంగ కొట్టు" అన్నాను.

ఆమె అరచేతులు చున్నీకి తుడుచుకుంది. ఒక్కో అక్షరం నొక్కింది. తెరమీద శనివారం నాటి రక్తపరీక్షల పేర్లన్నీ వరుసగా వచ్చాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"అచ్చా, గట్లనా! సరే, డబ్బాలు మార్చేయుండ్రి" అని డాక్టరుగారు తన గది వైపు తిరిగారు. అంతే. పొద్దున్నుంచి జరిగినదంతా ఆయనకు అంతే.

"సార్, అందరి ముందట అన్న మాట అందరి ముందటనే వాపస్ తీస్కోవాలె. అప్పటిదాంక నేను డబ్బా ముట్ట" అన్నాను.

బెంచీ మీద ఒక ముసలాయన అందుకున్నాడు. "అవ్ సార్, మేమందరం ఇన్నం."

డాక్టరుగారు గోడ గడియారం వైపు చూస్తూ, "పిల్ల తప్పేం లేదు. మేమే సామాన్లు జరిపినం" అన్నారు. ఇష్టం లేకుండానే అన్నారు. ఏమైతేనేం, హాలంతా విన్నది.

కంపౌండరూ నేనూ డబ్బాలు మార్చాం. పిల్ల ల్యాబ్‌లో తూర్పు మొహం పెట్టి కూర్చుని రిపోర్టులు తీస్తూ పోయింది. హాలు ఖాళీ అయ్యింది. అప్పుడు వాళ్లమ్మ లోపలికి వచ్చి కుర్చీ పక్కన నిలబడింది.

"నేను గూడ నువ్వే చేసినవనుకున్న బిడ్డా."

"ఎరికే అవ్వా" అంది ఆ పిల్ల, తల తిప్పకుండానే. తర్వాత నన్ను అడిగింది. "అక్కా, గంతమంది ముందట కొట్టిన గద. పాస్‌వర్డ్ మార్చుకోవాల్నా?"

"మార్చుకో" అని నేను కిటికీ వైపు తిరిగాను. అద్దంలో ఇద్దరూ కనిపిస్తూనే ఉన్నారు. గదిలో ఇంకెవరూ లేరు. వాళ్లమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా ఆ పిల్ల ఎడమ చెయ్యి కీబోర్డుకు అడ్డం పెట్టుకునే కొత్త పాస్‌వర్డ్ కొట్టింది.