సగం గడ్డం మీద ప్రార్థన

మా బాబాయికి ఎవరి తల దొరికినా దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసే జబ్బుంది. ఇంకెవరికైనా అయితే ఫరవాలేదు, ఈయనకేమో సెలూన్ ఉంది. రోజుకి ముప్ఫై తలలు చేతికింద పడతాయి. ఇక చూసుకోండి!

మెడకి గుడ్డ కట్టేదాకా మామూలు మనిషే. కట్టాక కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ తల నువ్వు చేసిందే. పైన నేను చూసుకుంటా, లోపల నువ్వు చూసుకో" అని మొదలెట్టేవాడు. కొత్త బ్లేడుకి స్తోత్రం. కుళాయిలో నీళ్లొస్తే స్తోత్రం, రాకపోతే వచ్చేదాకా ఓపిక ఇచ్చినందుకు స్తోత్రం.

"బాబాయ్, ఇది సెలూనా, చర్చా?" అని ఒకసారి విసుక్కున్నాను.

"దేవుడికి ఆదివారం ఒక్కటీ పడేసి, మిగతా ఆరు రోజులూ మనమే ఏలుకుందామా? తిన్నగా కూర్చో."

ప్రార్థన ఎంతసేపైనా భరించొచ్చు. వచ్చిన చిక్కల్లా ఆయన గొంతుతోనే. కుర్చీలో కూర్చుని మనం చెప్పుకున్న కష్టసుఖాలన్నీ దేవుడికి పైకే చెప్పేవాడు. ఒకరోజు, "ప్రభువా, ఈ పోస్టుమాస్టరుగారు సిగరెట్టు మానేశానని ఇంట్లో చెప్పారు. నిజంగానే మాన్పించు" అనేసరికి, బెంచీ మీద కాచుకున్న పోస్టుమాస్టరుగారి బావమరిది పేపరు దించి చూశాడు. పోస్టుమాస్టరుగారు సగం క్రాపుతోనే పారిపోబోయారు గానీ, మెడ దగ్గర ముడి ఊడి చావలేదు. సిగరెట్టు మాత్రం ఆ రోజే వదిలింది.

బాబాయ్ నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా అనేది. నేనైతే ఇంకాస్త గట్టిగా అనేవాణ్ణి.

ఇంతలో అమ్మకి కంటి ఆపరేషన్ అన్నారు. తెల్లారితే ఆసుపత్రికి వెళ్లాలి. అమ్మ మొండికేసింది. "అన్నదమ్ములిద్దరూ కలిసొచ్చి తీసుకెళ్తేనే వస్తా. లేకపోతే నాకు ఉన్న చూపు చాలు." ఆ ఉన్న చూపుతో ఆవిడకి తలుపేదో గోడేదో తెలియడం లేదు.

నేనూ అన్నయ్యా మాట్లాడుకుని మూడేళ్లు. నా పెళ్లిలో ప్రమాణాలన్నీ అయిపోయాక చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. పదిమందిలో, "వచ్చావా, భోజనాల వేళకి?" అన్నాను. వచ్చిన కాళ్లతోనే వెళ్లిపోయాడు. తప్పు నాదే. ఒప్పుకోవాలంటేనే ప్రాణం మీదికొచ్చేది.

ఆ సాయంత్రం బాబాయ్ గడ్డం గీస్తా రమ్మని కబురుపెట్టాడు. వెళ్లి కూర్చున్నాక చూద్దును కదా, పక్క కుర్చీలో నురుగు మొహంతో అన్నయ్య! నేను లేచేలోగా నా మొహానికీ నురుగు పడింది. ఇద్దరికీ చెరో చెంప గీసి, కత్తి పక్కన పెట్టి, రెండు తలల మీదా రెండు చేతులు వేశాడు. చచ్చాంరా బాబూ అనుకున్నాను.

"ప్రభువా, పెళ్లినాడు పెద్దాడు కేకు తెస్తుంటే దారిలో చితికిపోయింది. తమ్ముడు పదిమందిలో చిన్నబోకూడదని ఇంకోటి చేయించి తెచ్చేసరికి ఆలస్యమైంది. ఎవరికీ చెప్పొద్దని మొన్న నా దగ్గర మాట తీసుకున్నాడు. నీకు చెప్పొద్దనలేదు."

"బాబాయ్!" అని అన్నయ్య అరిచాడు.

"ప్రార్థన మధ్యలో మాట్లాడకు. ప్రభువా, ఈ చిన్నాడు ప్రతి ఆదివారం చర్చి నుంచి అన్న వీధిలోంచి చుట్టు తిరిగి ఇంటికెళ్తాడు. అన్న కూతురి నవ్వు వినబడితే గేటు దగ్గర ఆగిపోతాడు. దగ్గరి దారి ఉందని వాడికీ తెలుసు. ఆమేన్."

అన్నయ్య అద్దంలో నన్ను చూశాడు.

"ఆ మాట అనకుండా ఉండాల్సింది అన్నయ్యా. తప్పయిపోయింది."

"కేకు బాగుందా?" అన్నాడు అన్నయ్య.

"తినలేదు. నువ్వెళ్లిపోయాక సయించలేదు."

"అంత తిరిగి తెస్తే తినలేదా! వెధవా!" అని నవ్వేశాడు. "పొద్దున్న ఆరింటికల్లా రా. ఆటో నేను మాట్లాడతా." తన గడ్డం పూర్తికాగానే అమ్మకి చెప్పడానికి పరుగెత్తాడు.

అప్పుడు తట్టింది నాకు. ఈ మూడేళ్లూ ఇదే కుర్చీలో కూర్చుని అన్నయ్యని నేను తిట్టని తిట్టు లేదు. పొగరుబోతన్నాను, నా సంతోషం చూసి ఓర్వలేడన్నాను. బాబాయ్ అన్నీ విన్నాడు. వాటిలో ఒక్కటి కూడా ఆ ప్రార్థనలో రాలేదు. సిగ్గుతో చితికిపోయాను.

"బాబాయ్, నేనన్నవేవీ దేవుడికి చెప్పలేదా?"

"చెప్పకుండా ఎలా ఉంటాన్రా? ఆయన దగ్గర దాపరికమేంటి? గట్టిగా చెప్పలేదు, అంతే. కదలకు, రెండో చెంప ఉంది."