ఓబులేసును లాగింది నేను కాదు

దయ్యాన్ని చూశానని ఎవరైనా అంటే నాలుగు ప్రశ్నలు వేసి నోరు మూయించేవాణ్ణి. బడి మొహం చూడలేదు నేను. గొర్రెల వెంట తిరుగుతూ పొట్లాం కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. కళ్లతో చూడనిది నమ్మే అలవాటు లేదు. ఇప్పుడు రాసేదీ నేను చూడనిదాని గురించే.

మాది వేముల దగ్గర పల్లె. సీమ కొండల్లో ఊబి ఏమిటని పట్నం వాళ్లు నవ్వుతారు. వారం ముసురు పట్టాక గండి పక్క కనుమ ఎక్కి చూడమనండి. పైన పల్లంలో నీళ్లు ఊరి, మోకాలెత్తు బోదగడ్డి కింద నేల మెత్తబడి ఉంటుంది. పచ్చగా ఉందని అడుగేస్తే అంతే.

మూడేళ్ల కిందట అలాంటి ముసురులో గొర్రెలు నాలుగు తప్పిపోతే, నేనూ నా మేనల్లుడు ఓబులేసూ పొద్దున్నే వెతకబోయాం. చనిపోయిన మా చెల్లెలికి వాడొక్కడే కొడుకు. కంబళి తీసుకుపోకపోవడం నా తప్పు. ఊబిలో దిగబడినవాడికి మేం కంబళి విసురుతాం. తడిసిన ఉన్ని చేతికి పట్టు ఇస్తుంది. బరువని దాన్ని ఇంట్లో పడేసి, ప్లాస్టిక్ పట్ట భుజాన వేసుకున్నాను.

మంచులో నాకు పది అడుగుల ముందు నడుస్తున్న ఓబులేసు నడుము దాకా దిగబడ్డాడు. పట్ట విసిరాను. పట్టుకున్నాడు, జారింది. మళ్లీ విసిరాను, మళ్లీ జారింది. ముందుకు అడుగేస్తే నా కాలూ దిగిపోతోంది.

“కంబళి యాడ పెట్టినావు మామా?” అన్నాడు.

“ఇంట్లో ఉందిరా. కదలాకు.”

“ముసలోనివైనాక సోకులు ఎక్కువైనాయి నీకు,” అన్నాడు. నవ్వబోయాడు కూడా. అప్పటికి బురద రొమ్ముకు వచ్చింది.

అంతలో అవతలి వైపు తల తిప్పాడు. “ఆడికెట్ల పోయినావు? గట్టిగా పట్టుకో మామా,” అన్నాడు, నాకు వీపు పెట్టి.

“ఓబులేసూ, నేనీడుండా,” అని అరిచాను. వినిపించుకోలేదు. అక్కడ నాకు మంచు తప్ప ఏమీ కనిపించలేదు. రెండు చేతులూ చాచి, ఎవరో లాగుతున్నట్టు వాడు రొమ్ము మీద జరుగుతూ పోయాడు. గొంతు పోయేలా పిలుస్తూ నిలబడ్డాను. అంతకు మించి ఏమీ చేయలేకపోయాను.

రాళ్ల మీదుగా చుట్టూ తిరిగి చేరడానికి అరగంట పట్టింది. గట్టు మీద ఒక్కడే పడి ఉన్నాడు. గోళ్ల సందున నల్ల ఉన్ని పోగులు. మావి పొట్టి వెంట్రుకల జాతి గొర్రెలు, వాటికి ఉన్ని ఉండదు. మా కంబళి తెల్లది, అది ఇంట్లో దండెం మీదే ఉంది. ఆ పొద్దు కొండెక్కినవాళ్లు ఇంకెవరని ప్రతి మంద దగ్గరకూ పోయి అడిగాను. ఎవరూ లేరు.

మామ లాగకపోతే చచ్చేవాణ్ణని ఓబులేసు ఊరంతా చెబుతాడు. నేను కాదురా అంటే, “నీ చెయ్యి నాకు తెలీదా?” అంటాడు. పోయినేడు కొడుకు పుడితే నా పేరు పెట్టుకున్నాడు.

వాణ్ణి లాగింది ఎవరో నాకిప్పటికీ తెలియదు. ఆ పసివాణ్ణి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుకుంటాను.