మావయ్య దింపిన విమానం

మధ్యాహ్నం రెండుంబావుకు మా మావయ్య నవల్లో విమానం ఇంజన్ ఆగిపోయింది. అత్త చింతపండులో పిక్కలు తీస్తోంది. తలెత్తలేదు.

మావయ్య సైన్యంలో పనిచేసి, పతకంతో ఆమదాలవలస తిరిగొచ్చాడు. అదెందుకిచ్చారని అడిగితే, తనతో ఉన్నవాళ్లు మిగల్లేదు కనక తనకిచ్చారనేవాడు. వెంటనే మాట మార్చేవాడు. తర్వాత గూఢచారుల మీద, విమానాల మీద నవలలు రాయడం మొదలుపెట్టి, ఇక ఆపలేదు. అన్నిట్లోనూ ఒకడే పైలట్. మావయ్యే ఆ పైలట్ అని పాఠకులు అనుకునేవారు. నిజానికి ఆయన ఉద్యోగమంతా నేలమీదే గడిచింది. విమానం ఎక్కింది ఒక్కసారి. అప్పుడూ కిటికీ పక్క సీటు దొరకలేదు.

ఏ అధ్యాయమైనా ముందు అత్తకి చదివి వినిపించాకే ప్రెస్సుకి వెళ్లాలి. అది ఆ ఇంటి పద్ధతి. అత్త తప్పులు పట్టేది కాదు. పైలట్ అన్నం తిన్నాడా అని మాత్రం అడిగేది. తినకపోతే అధ్యాయం కదలదు. అందుకే శత్రువులు వెంటపడుతున్నా వాడు ఎక్కడో ఒకచోట ఆగి తినేవాడు. ఒకసారి మాస్కోలో చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకున్నాడు. కొత్తవలస నుంచి ఒక పాఠకుడు పనిగట్టుకుని రైలెక్కి వచ్చి, ఆ చలిలో చద్దన్నం ఎలా పులిసిందని అడిగాడు. అది సైనిక రహస్యమన్నాడు మావయ్య.

ఆ రోజు మాత్రం పైలట్ ఏమీ తినలేదు. నల్ల సముద్రం మీద ఇంధనం అయిపోయింది. మావయ్య వాణ్ని చంపేయదలుచుకున్నాడు. కారణం మాకు తెలుసు. మావయ్యకి ఇక ఎక్కువ కాలం లేదని డాక్టరు చెప్పాడు. ప్రచురణకర్త పరామర్శకొచ్చి, మీ తర్వాత ఆ పైలట్ కథలు ఇంకొకరిచేత రాయిస్తామని ధైర్యం చెప్పి వెళ్లాడు. తన మనిషిని పరాయి చేతుల్లో పెట్టడం మావయ్యకి ఇష్టం లేదు.

అత్త పని ఆపింది.

"ఆడు సచ్చిపోతాడేటి?"

"సిపాయన్నాక పోతాడే."

"నువ్వు తిరిగి రానేదేటి, బావా? ఆడ్ని కూడా దింపు."

"కింద సముద్రం. ఎక్కడ దింపను?"

"మన కళింగపట్నం కాడ అంత ఇసకున్నాది."

నల్ల సముద్రానికీ కళింగపట్నానికీ ఎంత దూరమో మావయ్య అట్లాసు తెచ్చి చూపించబోయాడు. అత్త చూడనంది. ఎక్కించినోడే దింపాలంది. ఆ వారమంతా ఇద్దరూ అవసరానికి మించి మాట్లాడుకోలేదు. కాఫీ మాత్రం వేళకి వచ్చేది.

చివరికి విమానం కళింగపట్నంలో, ఎండబెట్టిన చేపల పక్కన దిగింది. జాలర్లు పైలట్‌కి చేపల పులుసుతో అన్నం పెట్టారు. వాడు రెండోసారి వడ్డించుకుని, ఇక విమానం జోలికి వెళ్లనని ఒట్టేసుకుని, ఆ ఊళ్లోనే ఉండిపోయి వలలు బాగుచేయడం నేర్చుకున్నాడు. ఇంధనం లేకుండా అంత దూరం ఎలా వచ్చాడని ప్రచురణకర్త ఫోన్ చేస్తే, గాలి కలిసొచ్చిందన్నాడు మావయ్య. ఒక్క అక్షరం మార్చనివ్వలేదు.

పుస్తకం వచ్చిన నెలలోనే మావయ్య పోయాడు. ప్రచురణకర్త అన్నట్టే ఇంకొకాయన ప్రయత్నించాడు. ఆ పైలట్‌ని మళ్లీ విమానం ఎక్కించే దారి ఆయనకి దొరకలేదు.

వాడి మీద ఇప్పుడెవరూ నవలలు రాయడం లేదు.