దుకాణం కనిపించే గది

మా బాపు ఎవరినీ నమ్మేవాడు కాదు. ఇది నిందగా చెప్పడం లేదు. కేసముద్రం మార్కెట్ యార్డులో అడ్తి దుకాణం నడుపుతూ రైతుల ధాన్యం అమ్మిపెట్టే మనిషి అందరినీ నమ్ముతూ కూర్చుంటే నెల తిరిగేసరికి మూత వేసుకోవాలి. బస్తా మూతి విప్పితే పైన కనిపించే కందులను ఆయన చూడనైనా చూడడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీసి, ఊది, ఒక గింజ కొరికి, మిగిలినవి మళ్లీ బస్తాలోనే పోస్తాడు. ఇంట్లో అమ్మ ఇచ్చిన పాలు కూడా గ్లాసు వంచి చూసి గానీ తాగేవాడు కాదు.

కందుల దగ్గర పనికొచ్చిన ఈ గుణం అక్క పెళ్లి దగ్గర మా ప్రాణం మీదికి వచ్చింది. మొదట జనగామ సంబంధం. బాపు ఆ ఊళ్లో మా చుట్టాలింట్లో దిగి, ఎవరో గిరాకీలాగా పిల్లగాడి కిరాణాకు వెళ్లి చక్కెర కొని, దాన్ని ఇంకోచోట మళ్లీ తూకం వేయించాడు. మా వాళ్లలో ఇది పాత పద్ధతే. పిల్లనిచ్చే ముందు పిల్లగాడి కాంటా చూడాలంటారు. తూకం సరిగ్గానే ఉంది. “గంత సరిగ్గ ఎందుకున్నది? నేను దిగిన సంగతి ముందే ఎర్కయ్యుంటది” అని ఆ సంబంధం వద్దన్నాడు. తర్వాత భూపాలపల్లి సంబంధం వచ్చింది. అక్కడ అడిగిన ప్రతివాళ్లూ పిల్లగాడు బంగారం అన్నారు. “ఊరంత ఒక్కటే మాట చెప్తున్నదంటె అందరికి నేర్పిపెట్టిండన్నట్టు” అని దాన్నీ తోసేశాడు.

అప్పటికి మా వాళ్ల లెక్కలో అక్కకు వయసు మీరిపోతోంది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. భూపాలపల్లి సంబంధం తప్పిన రోజు మాత్రం పప్పు ఏరుతూ తల ఎత్తకుండా అమ్మతో అంది, “ఇంకొక్కటి చూడుండ్రి. గది గూడ బాపు చెడగొడితే ఇగ నేను ఎవ్వరి ముంగట కూసోను.” అరవలేదు, ఏడవలేదు. అందుకే అమ్మకూ నాకూ భయమేసింది.

ఆ ఇంకొక్కటి విశాఖపట్నం నుంచి వచ్చింది. మా యార్డుకు పప్పుధాన్యాల బేరానికి వచ్చే బ్రోకరు తెచ్చాడు. అక్కడ పాత మార్కెట్ వీధిలో పప్పుల దుకాణం, తండ్రీ కొడుకులు నడుపుతారు, మా కులం వాళ్లే. కానీ అవి తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. ఒకసారి బందు, ఒకసారి రైలు రోకో, పట్టాల పక్కనే వంటావార్పు. మా దుకాణం దగ్గరే దీక్ష టెంటు ఉండేది. బాపు దానికి బియ్యం పంపేవాడు, సాయంత్రాలు వెళ్లి కాసేపు కూర్చునేవాడు. అక్కడ ఒకాయన, “ఏం సావుకారి, మనం ఇడిపోతమని కొట్లాడుతుంటె నువ్వు గా ఆంధ్రకే పిల్లనిస్తవా?” అని నవ్వాడు. బాపు నవ్వలేదు. ఇంటికి వచ్చి, “వాళ్లు మన పిల్లనే ఎందుకు అడుగుతున్నరు? ఆడ పిల్లలు కరువైండ్రా?” అన్నాడు. అయినా వద్దనలేకపోయాడు. అక్క అన్న మాట అమ్మ ఆయన చెవిన వేసింది. “సరే, నేనే పోయి చూసొస్త. కని ఈపారి ఎవ్వలకు ఎర్క కావొద్దు” అన్నాడు.

ఎవరికీ తెలియకుండా ఉండాలంటే ఎక్కడ దిగాలి? మా వాళ్లు ఏ ఊరు వెళ్లినా మా కులం సత్రంలోనే దిగుతారు. పడక దొరుకుతుంది, భోజనం దొరుకుతుంది, ఖర్చు తక్కువ. కానీ సత్రంలో చెప్పులు విప్పేలోపే ఏ ఊరు, ఎవరి తాలూకు, ఏం పని మీద వచ్చారు అని అడుగుతారు. భోజనాల వేళకు ఆ ఊళ్లో ఉన్న మా వాళ్ల దుకాణాలన్నింటికీ కబురు అందుతుంది. చుట్టాలిళ్లల్లో దిగే మోసపోయానని బాపు నమ్మకం. కాబట్టి లాడ్జి. సత్రం ఉండగా పైసలు పెట్టి లాడ్జిలో దిగిన మనిషి మా వంశంలో అంతకుముందు లేడు. ఆ లాడ్జి వెతికే పని నాకు పడింది. నేను మానుకోటలో డిగ్రీ చదువుతున్నాను, కాలేజీ పక్కనే నెట్ సెంటరు ఉంది.

లాడ్జి చవకగా ఉండాలి, మరీ చవకగా ఉండకూడదు. ఓనరు మా వాళ్లలో మనిషి కాకూడదు. అన్నిటికంటే ముఖ్యం, గది కిటికీలోంచి పిల్లగాడి దుకాణం కనిపించాలి. నేను నెట్‌లో దొరికిన లాడ్జీల ఫొటోలు ప్రింటు తీయించి తెచ్చాను. బాపు అద్దాలు పెట్టుకొని వాటిని పక్కపక్కన పరిచాడు. “గిది చూడు. అన్ని లాడ్జీలల్ల ఒక్కటే మంచం, ఒక్కటే దుప్పటి, గోడకు ఒక్కటే బొమ్మ. ఒక్క గదికి ఫొటో తీసి అందరు పంచుకున్నరు.” చూస్తే నిజమే. ఆయన అనుమానాలతో వచ్చిన చిక్కే అది, అప్పుడప్పుడు నిజమయ్యేవి.

తర్వాత ఫోన్లు. బాపు పక్కన కూర్చుని అడగాల్సినవి అందించేవాడు, నేను పుస్తకాల తెలుగులోకి మార్చి అడిగేదాన్ని.

“కిటికీ మార్కెట్ వీధి వైపు ఉంటుందా అండి?”

“సముద్రం వైపు కావాలంటారు గానీ వీధి వైపు ఎవరూ అడగరండీ. ఎందుకూ?” అన్నాడు అవతలి మేనేజరు.

“ఓనరు ఎవలో అడుగు” అన్నాడు బాపు. అడిగాను.

“ఓనరుతో మీకేం పనండీ? మీరు ఏ డిపార్టుమెంటు?”

“గది కోసమేనండి.”

“ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నారు?”

బాపు చెప్పొద్దని చెయ్యి ఊపాడు. నేను తడబడి, “వరంగల్ దగ్గర” అనేశాను.

“ఉద్యమం పని మీద కాదు కదండీ? మేం పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగలేం.”

బాపు నా చేతిలోంచి ఫోన్ లాక్కొని కట్ చేశాడు. “చూసినవా? మనోళ్లంటె గది గూడ ఇయ్యరు.” అమ్మ ఉండబట్టలేక, “గన్ని అడిగితె ఎవలైన అనుమానపడుతరు గద” అంది. ఆయన అమ్మను కూడా అవతలి పక్షం మనిషిని చూసినట్టు చూశాడు.

ఇట్లా ప్రతి లాడ్జికీ ఒక వంక దొరికింది. బాపు ప్రయాణం తప్పించుకుంటున్నాడని నాకు అనుమానం మొదలైంది. అక్క వంటింట్లోంచి అన్నీ వింటూనే ఉంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు కదా, మా ఇంట్లో అదే జరిగేది.

ఒక పొద్దున బాపు యార్డుకు వెళ్లగానే అక్క వచ్చి ఫోన్ తీసుకుంది. బ్రోకరు ఇచ్చిన దుకాణం కార్డు చూసి నంబరు నొక్కింది. నేను ఆపేలోపే అటు పిల్లగాడే ఎత్తాడు. నేను కూడా చెవి ఆనించాను.

“కేసముద్రం నుంచి మాట్లాడుతున్న. మీకు చూపెట్టిన ఫొటో నాదే” అంది అక్క. “మా బాపు మీకు ఎర్క లేకుంట మిమ్ములను చూడనీకి వస్తున్నడు. మీ దుకాణం కనవడేటట్టు చవక లాడ్జి ఏదన్న ఉంటె జర చెప్పుండ్రి.”

అతను గొంతు సవరించుకున్నాడు. “ఎదురుగానే ఒకటుందండి. కానీ నల్లులుంటాయి. పక్క సందులోది శుభ్రంగా ఉంటుంది, అక్కణ్ణుంచి మా షాపు కనపడదు.”

“నల్లులున్నదే చెప్పుండ్రి” అంది అక్క. నంబరు రాసుకొని ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. ఆమె ముఖంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో. “ఎదురుంగ ఉన్నదే మంచిదని చెప్పొచ్చు గద. చెప్పలే” అంది. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఒక్క మాట నిజం చెప్పినవాడు అన్నీ నిజమే చెబుతాడని ఏముంది? నేను బాపు కూతుర్నే.

లాడ్జి నెట్‌లో దొరికిందని బాపుకు చెప్పాను. అమ్మ అక్కకు తోడుగా ఉండిపోయింది. రైలు రోకో లేని రోజు చూసుకొని బాపూ నేనూ మానుకోటలో రైలెక్కాం.

లాడ్జి మేనేజరు సన్నగా, ముక్కు మీద అద్దాలతో ఉన్నాడు. బాపును చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ బాపును చూశాడు. ఇద్దరి గుర్తింపు కార్డులూ అడిగి ఇంటిపేర్లు కలిపి చూసుకున్నాడు. అప్పటికీ ఆగకుండా నన్ను పక్కకు పిలిచి, “మీ నాన్నగారేనా అమ్మా? భయపడకుండా చెప్పు” అన్నాడు. బాపు ముఖం కందగడ్డ అయింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. గొడవ పెట్టుకుంటాడనుకుని నేను బిక్కచచ్చిపోయాను. కానీ మెట్లెక్కుతూ బాపు, “మంచోడే. ఆడపిల్ల ఎంబడి ఉన్నప్పుడు గట్లనే అడగాలె” అన్నాడు.

కిటికీ తెరిస్తే ఎదురుగా దుకాణం, దాని పైనే వాళ్ల ఇల్లు. బాపు కుర్చీ లాక్కొని తలకు తువ్వాల చుట్టుకొని కూర్చున్నాడు. పిల్లగాడు పొద్దున్నే కిందికి దిగి వచ్చి వాకిలి ఊడ్పించాడు, దీపం పెట్టాడు, ముసలమ్మ తెచ్చిన చిన్న గిన్నెకు కూడా కాంటా ముల్లు నిలిచేదాకా ఆగాడు. ఒక్కసారి కూడా తల ఎత్తి మా కిటికీ వైపు చూడలేదు. చూడకపోవడమే నాకు నచ్చలేదు. అతనికి మేమున్నామని తెలుసు, మేం బయల్దేరిన రోజే అక్క ఫోన్ చేసి చెప్పింది. తెలిసినవాడు చేసే పనిలో ఏది అతనిది, ఏది మాకోసం వేసిన వేషం? బాపుకు చెప్పలేను. నల్లులు మాత్రం నిజంగానే ఉన్నాయి. అవి కుట్టినప్పుడల్లా అతని మీద నమ్మకం కాస్త పెరిగేది, గోక్కోవడం అయిపోగానే తగ్గేది.

“మరీ మంచిగున్నడు. ఏదో ఉన్నది” అన్నాడు బాపు, భూపాలపల్లి గురించి అన్న గొంతుతోనే. నాకు అక్క పప్పు ఏరుతూ అన్న మాట గుర్తొచ్చింది.

మర్నాడు ఆ ఏదో బయటపడింది. గిరాకీ నిండుగా ఉన్న వేళ పిల్లగాడు తండ్రితో గొడవపడ్డాడు. మాటలు వినిపించలేదు గానీ గొంతు వినిపించింది. చేతిలో చేట విసిరికొట్టి బయటికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. తండ్రి తల పట్టుకున్నాడు. బాపు తువ్వాల విప్పి దులిపాడు.

“బజార్ల తండ్రి మీద గొంతు లేపినోడు రేపు మన పిల్లనేం చూసుకుంటడు? సామాను సర్దు.”

నేను సంచీ దగ్గరికి వెళ్లలేకపోయాను. చెప్తే అక్కను తిడతాడు, చెప్పకపోతే అక్క అట్లాగే ఇంట్లో ఉండిపోతుంది.

“బాపూ, ఆయనకు మనం ఈడ ఉన్నమని ఎర్కనే.”

“ఎవలు చెప్పిండ్రు?”

“అక్క. ఈ లాడ్జి చెప్పింది గూడ ఆయననే.”

తిట్టు కోసం ఎదురుచూశాను. బాపు మళ్లీ కిటికీలోంచి మెట్టు మీద కూర్చున్న మనిషిని చూశాడు. “ఎర్కుండి గూడ కొట్లాడిండా?” అన్నాడు నెమ్మదిగా. మంచితనాన్ని ఆయన ఎన్నడూ నమ్మలేదు. చూస్తున్నారని తెలిసీ కోపం దాచుకోలేని మనిషి మాత్రం ఆయనకు కొత్త. చెప్పులు వేసుకొని కిందికి దిగాడు. నేను వెంట పరుగెత్తాను.

బాపు వీధి దాటి దుకాణంలోకి వెళ్లి, ఎవరినీ పలకరించకుండా, కందిపప్పు బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. పిల్లగాడు లేచి వచ్చి నిలబడ్డాడు.

“మీ నాయినను గట్లెందుకన్నవ్?” అన్నాడు బాపు గుప్పిట్లో పప్పు ఊదుతూ.

పిల్లగాడు తండ్రి వైపు చూశాడు, తండ్రి చూపు తిప్పుకున్నాడు. “నిన్నట్నుంచీ మంచి సరుకు తెప్పించి బస్తాల పైన పోయించమంటున్నారండి, మీరు వస్తారని. యార్డు మనిషి పైన చూడడు, అడుగే చూస్తాడు, అనవసరం అన్నాను. ఆయన వినలేదు. నాకు కోపం తొందరగానే వస్తుందండి.”

“మంచిగ లేదది.”

“బాగోదండి” అని ఒప్పుకున్నాడు అతను.

బాపు పప్పు బస్తాలో పోసి చేతులు దులుపుకున్నాడు. పిల్లగాడి తండ్రి గల్లాపెట్టె దగ్గర కుర్చీ ఖాళీ చేసి కూర్చోమన్నాడు. బాపు కూర్చున్నాడు. ఆ సాయంత్రం దాకా అక్కడే ఉన్నాడు. వాళ్లు ముగ్గురూ పప్పుల ధరలు, బందులు, రైళ్లు అన్నీ మాట్లాడుకున్నారు, పెళ్లి మాట తప్ప. లేచేటప్పుడు మాత్రం, “మంచి దినం చూసి ఇంటికి రాండ్రి” అన్నాడు. నేను బయటికి వచ్చి అక్కకు ఫోన్ చేశాను. విషయం చెప్పాను. అటు నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

గది ఖాళీ చేసేటప్పుడు బాపు కౌంటరు దగ్గర ఆగిపోయాడు. పెద్ద బిడ్డను ఎదురింటికే ఇస్తున్నామని, పెళ్లయ్యాక తాను ఎప్పుడు వచ్చినా ఈ గదే కావాలని మేనేజరుకు చెప్పాడు.

“అదేంటండీ, అల్లుడి ఇల్లు ఎదురుగానే ఉంటుంది కదా. నల్లుల్లో ఎందుకు?” అన్నాడు మేనేజరు, మళ్లీ ఏదో అనుమానంతో.

“పిల్లనిచ్చిన ఇంట్ల పండుకునే రివాజు మాకు లేదు” అన్నాడు బాపు. సంచీ భుజానికి వేసుకున్నాడు, కదల్లేదు. “పొద్దున లేస్తె బిడ్డ కనవడుతది గద.”