లింబాద్రికి దక్కిన సీమావు

శుక్రవారం పొద్దున భూమయ్య రూమ్ గుమ్మంలో ఫ్రిజ్ ఇరుక్కుంది. సగం లోపల, సగం బయట. లోపలి సగం దగ్గర భూమయ్య ఉన్నాడు. బయటి సగం దగ్గర, వరండాలో, ఆయన్ని చూడవచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. ఫ్రిజ్ ముఖం వాళ్ల వైపే ఉంది. గుంజులాటలో రబ్బరు పట్టు సడలి, దాని తలుపు మెల్లగా దానంతటదే తెరుచుకుంది. లోపల ఖురియాత్ రేవు నుంచి తెచ్చిన చేపల పులుసు, పెరుగు గిన్నె, సగం కోసిన పుచ్చకాయ ఉన్నాయి. వచ్చినవాళ్లు మర్యాదస్తులు గనక చూడనట్టే నిలబడ్డారు.

"బాబాయ్ గారూ, నేనండీ ఫేబాని. మేడమ్ గారు వచ్చారండీ."

"కూసోండ్రి సిస్టర్," అన్నాడు భూమయ్య లోపలినుంచి. వరండాలో కూర్చోవడానికి ఏమీ లేదు.

ఫేబా నర్సు. భీమవరం దగ్గరి పిల్ల, మస్కట్‌లో ఒక ఆసుపత్రిలో డ్యూటీ. సెలవు రోజుల్లో, తెలుగువాళ్ల మాటలు ఇంగ్లీషులో చెప్పిపెట్టడానికి ఎవరు పిలిచినా వెళ్తుంది. వెంటున్న మేడమ్ ఏదో విదేశీ సంస్థ మనిషి. గల్ఫ్ వదిలి ఊరికి పోయేవాళ్లలో, ఈసారి వీళ్లుండే హమ్రియా పేట నుంచి ఒక్కరికి, కరీంనగర్‌లో పాడి పశువుల శిక్షణ ఇప్పించి, ఆవులతో సహా కొట్టం పెట్టిస్తారట.

భూమయ్యకు అది కావాలి. ఎక్కడో ఎర్ర సముద్రంలో దాడులకు జడిసి ఓడలు చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాక, రుసైల్‌లో ఆయన పనిచేసే గోదాములోకి సరుకు రావడం తగ్గింది. తగ్గిన సరుకును చూసుకోవడానికి ఇక్కడి కుర్రాళ్లే చాలన్నారు. వాళ్ల దేశం, వాళ్ల పిల్లలు, అందులో తప్పుపట్టడానికేం లేదు. భూమయ్య వీసాను మాత్రం ఇక పొడిగించేది లేదని కంపెనీ చెప్పేసింది. ఇన్నేళ్ల తరవాత ఊళ్లో దిగి, ఉత్త చేతులు ఊపుకుంటూ భార్య యాదవ్వ ముందు నిలబడటం ఆయనకు ఇష్టం లేదు.

అందుకని పొద్దుటినుంచీ పేదరికం కూడబెడుతున్నాడు. టీవీని మంచం కిందికి తోశాడు. ఏసీని దాచలేక దానిమీద దుప్పటి కప్పాడు. తన చొక్కాలన్నీ మంచివే కావడంతో, పై అంతస్తు రూమ్‌లో ఉండే లింబాద్రి రంగులు వేసేటప్పుడు తొడుక్కునే చినిగిన చొక్కా అడక్కుండా తెచ్చి వేసుకున్నాడు. ఇక మిగిలింది ఫ్రిజ్.

ఇదంతా తండ్రి చేసిన పొరపాటు తాను చేయకూడదని.

భూమయ్య, లింబాద్రి ఇద్దరిదీ భీమ్‌గల్ దగ్గర ఒకే పల్లె. పిల్లలుగా ఉన్నప్పుడు, ఎక్కడో విదేశాల్లో పెద్దలు కూర్చుని, పేదల ఇంట సీమావు కట్టేస్తే పేదరికం పోతుందని తీర్మానించారట. ఆ మాట చేతులు మారి మారి చివరికి ఆ పల్లెకు కూడా వచ్చింది. అధికారులు ఇల్లిల్లూ చూడటానికి వస్తున్నారని తెలిసి, భూమయ్య తండ్రి తలంటుకుని, చాకలి తెచ్చిన తెల్ల ధోవతి కట్టి, నులక మంచం మీద కొత్త రగ్గు పరిచి, కోడిని కోయించాడు. ఇంటికొచ్చిన పెద్దమనుషులకు మరింకెలా మర్యాద చేస్తారు? వాళ్లు తృప్తిగా తిని, చేతులు కడుక్కుని, ఈ ఇంటికి లోటేమీ లేదనుకుని పోయారు. లింబాద్రి తండ్రి మడిలోంచి మోకాళ్ల దాకా బురదతో వచ్చి మంచినీళ్లిచ్చాడు. ఆవు ఆయనకొచ్చింది. పూలదండతో, డప్పులతో, ఫోటోతో సహా.

ఆ రోజు మొదలు భూమయ్య కడుపులో చిన్న కుంపటి ఒకటి రాజుకుంది. దాన్ని ఆయన ఆరనివ్వలేదు. లింబాద్రికి ఏది కలిసొచ్చినా అది ఆవు తాలూకు అదృష్టమే. లింబాద్రి మొదట సీబ్‌లో సిమెంటు మోశాడు. తరవాత ప్లాస్టరు, ఆ తరవాత నల్లాల పని, కరెంటు పని నేర్చుకుని, ఇప్పుడు హమ్రియాలో ఒక ముసలి అర్బాబ్‌కున్న ఇళ్లన్నింటికీ మరమ్మతులు చూస్తున్నాడు. ఆ యజమాని పండగనాడు లింబాద్రిని పక్కన కూర్చోబెట్టుకుని ఒకే పళ్లెంలో అన్నం తింటాడు. భూమయ్యకు సూపర్వైజర్లు మారడమే తప్ప ఒక్కరూ పేరు పెట్టి పిలిచింది లేదు. లింబాద్రి పెట్టెకు తాళం వేయడు, ఒక్క వస్తువూ పోదు. భూమయ్య రెండు తాళాలేస్తాడు, సబ్బు పోతుంది. ఆఖరికి లింబాద్రి జుట్టు ఇంకా నల్లగా ఉండటం కూడా భూమయ్య ఆవు ఖాతాలోనే వేశాడు.

అలాంటి లింబాద్రి ఇప్పుడు చప్పుడు విని పానా పట్టుకుని దిగివచ్చాడు. ఫ్రిజ్‌ను చూశాడు. భూమయ్య ఒంటిమీద తన చొక్కాను చూశాడు.

"ఏడికి గొంటవోతున్నవ్‌రా దీన్ని?"

"ఖరాబైంది."

"రాత్రే గదా దీంట్ల ఐసు తిన్నం."

భూమయ్య పళ్లు కొరికాడు. లింబాద్రి గుమ్మం తలుపు కీళ్లు విప్పి, ఒక్క తోపుతో ఫ్రిజ్‌ను లోపలికి పంపి, దాని చోట నిలబెట్టి, ప్లగ్గు కూడా పెట్టాడు. అది హాయిగా గుర్రుమంది.

"రా బిడ్డా, రండ్రి మేడమ్. అయ్యో, దీనిమీద దుప్పటేసిన్రేంది, ఉడుకవోస్తది గదా." ఏసీ మీది దుప్పటి లాగి మడతపెట్టాడు. "టీవీ కిందవెట్టినవేందిరా, ఎవలన్న తొక్కుతరు." టీవీ బల్ల మీదికి ఎక్కింది. తరవాత పళ్లేలు వచ్చాయి, వేడన్నం వచ్చింది, ఖురియాత్ చేపల పులుసు వచ్చింది. భూమయ్య గోడకానుకుని, కూడబెట్టుకున్న పేదరికం ఒక్కో ముక్కే కరిగిపోవడం చూస్తూ నిలబడ్డాడు.

మేడమ్ ముళ్లు ఏరుకుని తింటూ ఫేబాతో ఏదో అంది. ఆ ఒక్క కొట్టం హమ్రియాలో ఎవరికన్నది ఆవిడే నిర్ణయించాలి. ఆవిడ చూపు లింబాద్రి మీద ఉంది.

"పాతకాలంలో మీ వైపు సీమావులు పంచారంటగా బాబాయ్ గారూ. అవి ఏమైపోయాయో మేడమ్ గారు ఊరూరా కనుక్కుంటున్నారండీ," అంది ఫేబా. "మీ ఇంటికి వచ్చిందాండీ?"

"వచ్చింది బిడ్డా. దానికి ఎండ వడకపోయేది. దాన్ని ఇంట్ల కట్టేసి మేం వాకిట్ల పండినం. మాకు చెలక లేకపాయె, గడ్డి యాడికెల్లి తేవాలె? దాని దాణాకు మేకలమ్మినం. పాలు పల్చగుంటయని హోటలోడు కొనకపోయేది. డాక్టరేమో ఆర్మూర్ల ఉండె." లింబాద్రి ఇదంతా నవ్వుతూనే చెప్పాడు. "ఆఖరికి అది పోయింది. మేకలు ముందే పోయినయి. ఇగ నేనిటు వచ్చిన."

మేడమ్ తినడం ఆపి వింటోంది. భూమయ్యకు కుంపటి భగ్గుమంది. లాభంలో ముందు వీడే, నష్టపోవడంలో కూడా వీడేనా? ఇంకాసేపైతే కొట్టం కూడా వీడి పాలే.

"వానికేం ఎరుకలేదు సిస్టర్," అన్నాడు. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "ఆ ఆవు మొదటి ఎండాకాలమే సావాలె. రెండో ఎండాకాలం దాక ఎట్ల బతికిందో అడుగుండ్రి."

"ఎట్లరా?" అన్నాడు లింబాద్రి, నిజంగానే తెలియక.

"నేను మేపిన. మా బాపు సూడకుండ మా చేన్ల పచ్చిజొన్న కోసి, మీ ఎనక గోడ మీదికెల్లి ఏసేటోన్ని. బాపుకు దొరికిపోయి వీపు పగిలినంక బందువెట్టిన."

ఫేబా అది ఇంగ్లీషులో చెప్పడం మరిచి అడిగింది. "అదేంటి బాబాయ్ గారూ, ఆవు వాళ్లది కదా. మరి మేతెందుకు వేశారు?"

"గోడ అవుతల వానిదే సిస్టర్. నా చేతుల మేత తినెటప్పుడు మాత్రం నాది."

లింబాద్రి చేతిలోని పులుసు గిన్నె కింద పెట్టాడు.

"మా బాపు దేవుడు మేపుతున్నడనుకున్నడు," అన్నాడు లింబాద్రి మెల్లగా. "వారం వారం గుట్టెక్కి నర్సిమ్మసామికి కొబ్బరికాయ కొట్టిండు."

"నాకు కొట్టాలె," అన్నాడు భూమయ్య.

ఫేబా అప్పుడు అంతా మేడమ్‌కు చెప్పింది. మేడమ్ చాలాసేపు నవ్వింది, తరవాత నవ్వు ఆపి ఒక ప్రశ్న వేసింది. ఫేబా దాన్ని తెలుగులో పెట్టింది. "అప్పట్లో పంచినోళ్లు ఎవరు పేదోళ్లని అడిగారంట గానీ, గడ్డి ఎక్కడుందని ఎవరూ అడగలేదంటండీ. ఇప్పుడు మీ ఇంట్లో గడ్డి ఉందాండీ?"

ఇక్కడే భూమయ్య తండ్రికి కొడుకయ్యాడు. గడ్డి లేదంటారా తన ఇంట్లో?

"గడ్డా? బోరు కింద రెండు మళ్లు ఉత్త గడ్డే పెంచుతం సిస్టర్. రేకుల కొట్టం ఉంది. మా యాదవ్వ బర్లను సాకుతది, ఊర్ల ఎవలి బర్రె కడుపుల దూడ అడ్డం తిరిగినా దాన్నే పిలుస్తరు. నీళ్లకు తక్కువలేదు. మాకేం తక్కువ సిస్టర్?"

అనేశాక ఏం అన్నాడో తెలిసింది. చినిగిన చొక్కా జేబులో చేతులు పెట్టుకుందామని చూశాడు. దానికి జేబులు లేవు. మేడమ్ చేతులు కడుక్కుని, పులుసు బాగుందని చెప్పి వెళ్లిపోయింది. తండ్రి వండించిన కోడి గుర్తొచ్చి, భూమయ్య ఆ పూట అన్నం ముట్టలేదు.

తరవాతి వారం ఫేబా ఫోన్ చేసింది. కొట్టం భూమయ్యకే. గడ్డి ఉంది గనక, సాకే మనిషి ఉంది గనక.

భూమయ్య మొదట యాదవ్వకు ఫోన్ చేయలేదు. మెట్లెక్కి లింబాద్రిని వెతికాడు. లింబాద్రి మిద్దె మీద నీళ్ల ట్యాంకు దగ్గర, కారే నల్లాకు దారం చుడుతున్నాడు.

"కబురొచ్చింది," అన్నాడు భూమయ్య.

"ఎరుకే. ఫేబా బిడ్డ చెప్పింది. మంచిగైందిరా."

భూమయ్య ఆగాడు. లింబాద్రి దారం చుట్టాడు.

"ఆవులు మంచి జాతియట."

"మంచిది."

"డాక్టరు ఇంటికే వస్తడట."

"మంచిదేనాయె." లింబాద్రి నల్లా తిప్పి చూశాడు. కారడం లేదు.

భూమయ్య వంగి అతని ముఖంలోకి చూశాడు, ఎక్కడైనా ఒక చిన్న సెగ, ఒక పొగ. ఏమీ లేదు. ఇన్నేళ్లు ఎదురుచూసిన పండగ ఇలా చప్పగా గడిచిపోవడం ఆయన తట్టుకోలేకపోయాడు.

"నీకొచ్చిన దాన్ని జూసి నేను ఇన్నేండ్లు ఏడ్సిన. నాకొచ్చినప్పుడు నువ్వు ఒక్క పూటన్న ఏడ్వకపోతివి. ఇదేం దోస్తానారా?"

లింబాద్రి పానా తుడిచి సంచిలో వేసుకున్నాడు.

"నువ్వు ఊరికివోయినంక ఈడ నేనొక్కన్నే ఉంట గదా, గప్పుడు తీరుబడిగ ఏడుస్త తియ్."