చెమట పెట్టెలో కప్పు చప్పుడు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇది ఊరికే అనే మాట కాదు. ఇరవై ఏళ్లకు పైగా బొగ్గుబాయిలోకి దిగినవాణ్ణి. బాయి లోపల దయ్యాల కథలకు కొదవ ఉండదు. బొగ్గు తీసి వదిలేసిన పాత పనుల్లోంచి ఎవరో పేరు పెట్టి పిలిచారని చెప్పేవాళ్లు ప్రతి షిఫ్టులోనూ ఒకరుంటారు. కొత్తగా చేరినవాళ్లను బెదరగొట్టడానికి నేనే తలమీది లైటు ఆర్పేసి, మూలన నక్కి మూలిగిన రోజులున్నాయి. అందుకు మా షిఫ్టుకు పెద్దయిన సర్దార్ చేతిలో ఒకసారి చెంపదెబ్బ కూడా తిన్నాను.

కాబట్టి ఇది చదివి, వీడికి ముందే ఆ పిచ్చి ఉందనుకోకండి. విన్నదీ చేసిందీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను. చేయనిది కూడా రాస్తున్నాను.

ఆరేళ్ల కింద మోకాలు దెబ్బతిని సర్ఫేస్ డ్యూటీకి వచ్చాను. అంటే బాయి దిగకుండా పైన కూర్చుని చేసే పని. కూర్చోవడం అలవాటయ్యాక షుగర్, బీపీ వెంట వెంటనే వచ్చాయి. బరువు తొంభై దాటింది. దవాఖానలో డాక్టరమ్మ నా రిపోర్టులు చూసి తిట్టినంత పని చేసింది. ఇలాగే ఉంటే రెండేళ్లలో గుండె మీదికి వస్తుందని మొహం మీదే చెప్పింది.

అప్పుడే గోదావరిఖని మార్కెట్ వెనక గల్లీలో ఇన్‌ఫ్రారెడ్ థెరపీ సెంటర్ తెరిచారు. లోపల పీరువాకు రెండింతలుండే చెక్క గది, ముందు అద్దం తలుపు, కూర్చోవడానికి ఒక బల్ల. గోడల్లో అమర్చిన హీటర్లు ఎర్రగా వెలుగుతాయి. నలభై నిమిషాలు కూర్చుంటే ఒళ్లంతా చెమట కారుతుంది. కొవ్వు కరుగుతుందని, బీపీ దిగుతుందని, ఊపిరితిత్తుల్లోని దుమ్ము సైతం బయటికొస్తుందని పాంప్లెట్లో రాశారు. మా బాయి వాళ్లందరూ దాన్ని చెమట పెట్టె అనేవారు.

సెంటర్ నడిపే మేడం తెలివైనది. మనవాళ్లకు నెల లెక్క కంటే మండలం లెక్క మీద గురి ఎక్కువని పసిగట్టి, నలభై ఒక్క రోజుల ఛాలెంజ్ పెట్టింది. రోజూ వాట్సాప్ గ్రూపులో మనం ఫొటో పెట్టాలి, కూర్చున్న నిమిషాలు ఆమె రాస్తుంది. ఒక్క రోజు తప్పినా మళ్లీ మొదటి రోజు నుంచే.

ఎండాకాలం మొదలవుతోంది. మా ఇంటిది నవ్వి నవ్వి సచ్చింది. "గోదావరిఖనిల ఎండాకాలం చెమటకు ఫీజు కట్టేటోన్ని నిన్నే చూస్తున్న" అంది.

ఒక్కణ్ణే అయితే నాలుగో రోజుకే మానేస్తానని నాకు తెలుసు. అందుకే సమ్మయ్యను వెంటబెట్టుకుపోయాను. సమ్మయ్యా నేనూ ఒకే రోజు డ్యూటీలో చేరాం. పక్క పక్క క్వార్టర్లు. వరసకు బావా అని పిలుచుకుంటాం. అతను ఇంకా లోపలే, బాయి పైకప్పు కూలకుండా కింద కర్ర దిమ్మెలు నిలబెట్టే పనిలో ఉన్నాడు. బీపీ లేదు, షుగర్ లేదు, పొట్ట లేదు. నాకేం రోగం బావా అన్నాడు. రోగం లేకపోయినా నాకు తోడు రమ్మన్నాను. వచ్చాడు.

రోజూ మొదటి షిఫ్టు దిగగానే నాలుగు గంటలకు వెళ్లేవాళ్లం. పెట్టె ఒక్కటే కాబట్టి ముందు నేను, తర్వాత అతను. వారంలో కిలోన్నర తగ్గాను. నిద్ర బాగా పట్టేది. ఆ పదీ పన్నెండు రోజులూ నిజంగానే హాయిగా ఉన్నానని ఒప్పుకోవాలి.

పన్నెండో రోజు పెట్టె పైన చప్పుడు వినిపించింది. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఒక దెబ్బ. మళ్లీ కాసేపటికి రెండు, ఒకటి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బాయిలో పని మొదలుపెట్టే ముందు సర్దార్ ముందుగా లోపలికి వెళ్లి, ఇనుప పొన్ను ఉన్న కర్రతో పై కప్పును కొట్టి చూస్తాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల పగిలి విడిపోయిన కప్పు డొల్లగా పలుకుతుంది. ఆ తేడా చెవికి పట్టడానికి ఏళ్లు పడుతుంది. మా ఇద్దరికీ ఆ విద్య నేర్పింది కొమురయ్య కాక. నన్ను చెంప మీద కొట్టింది కూడా ఆయనే. కప్పును కొట్టడంలో ఒక్కొక్క సర్దార్‌కు ఒక్కో తీరు ఉంటుంది. కాకది రెండు దెబ్బలు, కాస్త ఆగి ఒకటి. ఆయన రిటైరై, ఇంటి దగ్గరే జబ్బుచేసి పోయి చాలా ఏళ్లయింది. పాడె మోసినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ రోజు నాకు భయమేమీ వేయలేదు. వేడికి చెక్క సాగి చప్పుడు చేస్తోందనుకున్నాను. సమ్మయ్యను అడిగితే తనకేమీ వినిపించలేదన్నాడు.

పందొమ్మిదో రోజు మళ్లీ వినిపించింది. బయటికొచ్చి మేడంను అడిగి మేడ మీదికి ఎక్కి చూశాను. నీళ్ల ట్యాంకు, ఆరేసిన టవళ్లు తప్ప ఏమీ లేవు. మనిషి లేడు, కోతులు లేవు. పెట్టె కప్పుకూ గది స్లాబుకూ మధ్య మూడడుగుల ఖాళీ ఉంది. స్టూల్ ఎక్కి అదీ చూశాను. దుమ్ము తప్ప ఎలుక పెంట కూడా లేదు.

ఇరవై ఆరో రోజు శనివారం. నేను లోపల కూర్చున్న పావుగంటకు చప్పుడు మొదలైంది. ఈసారి ఒకచోట లేదు. తలుపు వైపు మూల నుంచి మొదలై, మనిషి అడుగులో అడుగు వేస్తూ కప్పును చూసుకుంటూ వచ్చినట్టు, కొంచెం కొంచెం జరుగుతూ నా వైపు వచ్చింది. రెండు, ఒకటి. రెండు, ఒకటి. ప్రతి దెబ్బా ఖంగుమంటోంది. సరిగ్గా నా నెత్తి మీదికి వచ్చాక దెబ్బ డొల్లగా పలికింది.

ఆ చప్పుడు విన్నాక బాయి మనిషి ఆలోచించడు. నా కాళ్లు వాటంతటవే లేచాయి. టవలు కూడా తీసుకోకుండా తలుపు తోసుకుని బయటపడ్డాను. గోడమీది టైమర్‌లో ఇంకా ఇరవై రెండు నిమిషాలున్నాయి. అంటే పద్దెనిమిది నిమిషాలే కూర్చున్నాను.

బయట బెంచీ మీద సమ్మయ్య తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు. నేను వెనక్కి తిరిగి అద్దంలోంచి పెట్టె కప్పు చూశాను. పలకలు నున్నగా, బిగువుగా ఉన్నాయి. ఒక్క చీలిక లేదు. అప్పుడు నాకు సిగ్గేసింది. యాభై దాటిన మనిషిని, తడిసిన బనీనుతో చెక్కపెట్టెకు జడుసుకుని బయటికి ఉరికాను.

"ఏంది బావ, గింత జల్ది వచ్చినవ్?" అన్నాడు సమ్మయ్య.

"ఉక్కపోస్తుంది" అన్నాను.

"చెమట పెట్టెల ఉక్కపొయ్యక చల్లగుంటదా?" అని నవ్వాడు. తర్వాత టైమర్ చూసి, "నీ టైం ఎందుకు ఖరాబు చేసుడు, అది గూడ నేనే కూసుంట" అని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

బాయిలో ఒక కట్టుబాటుంది. కప్పు డొల్లగా పలికిందని విన్నవాడు తాను బయటపడితే సరిపోదు. వెనక ఉన్నవాళ్లను కేకేయాలి. దారికి అడ్డంగా రెండు కర్రలు కట్టాలి, తెలియక ఎవరూ అటు పోకుండా. కేకేసినందుకు ఎవరూ నవ్వరు. కప్పు పడకపోయినా నవ్వరు. ఇరవై ఏళ్లలో నేను ఎన్నిసార్లు కేకేశానో లెక్కలేదు. ఆ రోజు మాత్రం నోరు తెరవలేదు. దయ్యాల్లేవని కాలనీ అంతటికీ చెప్పుకు తిరిగినవాణ్ణి కదా, నా నోటితో ఎలా చెప్పను అనుకున్నాను.

సెంటర్‌కు ఎదురుగా, పెట్టె అద్దంలోంచి చూస్తే కనిపించే టీ కొట్లో కూర్చున్నాను. శనివారం సమ్మయ్యకు ఒక్కపొద్దు. పొద్దుటి నుంచి చాయ్ తప్ప ఏమీ తీసుకోడు, రాత్రికే తింటాడు. అదీ నాకు తెలుసు. ఆ ఖాళీ కడుపుతోనే ఎనిమిది గంటలు లోపల దిమ్మెలు మోసి వచ్చాడు. ఒకసారి లేచి వెళ్లి, బావా ఇవాళ్టికి చాలు రా అందామా అనిపించింది. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తోచక మళ్లీ కూర్చున్నాను. ఇంకో చాయ్ చెప్పాను.

నా ఇరవై రెండు నిమిషాలు అయిపోయాక, లోపలి బటన్ నొక్కి తన నలభై మొదలుపెట్టుకున్నాడట. మేడం మధ్యలో ఒకసారి అద్దంలోంచి చూసి ఇక చాలన్నట్టు చేయి ఊపితే, బొటనవేలు ఎత్తి చూపించాడట. షిఫ్టు పూర్తి కాకుండా పైకి రావడం మావాళ్లకు నామోషీ. ఆమెకు ఆ సంగతి తెలియదు. టైమర్ మోగినా లేవకపోయేసరికి తలుపు తీసింది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే గోడకు ఒరిగి ఉన్నాడు.

ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. తల నా ఒళ్లోనే ఉంది. ఒళ్లు కాలిపోతోంది. చెమట మాత్రం లేదు. అక్కడ అరగంట ప్రయత్నించి పోయాడని చెప్పారు. ఖాళీ కడుపు, ఒంట్లో నీళ్లు లేకపోవడం, ఆ వేడికి గుండె ఆగిందని డాక్టర్ అన్నాడు. అందులో అర్థం కానిదేమీ లేదు. సమ్మయ్య ఎలా పోయాడో నాకు తెలుసు.

తెలియనిది ఆ చప్పుడు. సెంటర్ మూసేశారు. వారం తర్వాత మేడంను బతిమాలి షట్టర్ తీయించాను. పెట్టెను వేడి చేయించి, తలుపు తీసే ఉంచి, గంటసేపు పక్కనే నిలబడ్డాను. చెక్క అక్కడక్కడా చిటపటమంది. ఆ చప్పుడు వేరు. తర్వాత కర్రతో పలకలన్నీ అంగుళం వదలకుండా నేనే కొట్టి చూశాను. అన్నీ ఒకేలా పలికాయి. నా తలమీద ఉండే పలక కూడా అంతే.

వెనక్కి వస్తుంటే మేడం ఒక మాట చెప్పింది. పోలీసులు అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదట. "సమ్మయ్యగారు లోపలున్నప్పుడు రెండు మూడుసార్లు తలెత్తి కప్పు వైపు చూసిండు సార్. ఒకసారి చేయి పైకి పెట్టి తడిమిండు. బయట మీరున్న దిక్కు చూసిండు. మళ్ల సర్దుకుని కూసున్నడు. లైటు చూస్తున్నడనుకున్న."

ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు.

అతనూ విన్నాడేమో. కాక దగ్గర చెవి పట్టినవాడే కదా. విని ఉంటే లేవాలి. ఎందుకు లేవలేదో ఆలోచిస్తే ఒక్కటే తోస్తోంది. తన కంటే ముందు ఆ పెట్టెలో ఉన్నది నేను. మా లెక్క ప్రకారం ముందున్నవాడు కేకేయకుండా బయటికొచ్చాడంటే కప్పు మంచిదే. బావ వచ్చాడు, ఏమీ అనలేదు, ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఇక ఫికర్ ఎందుకు?

ఇది నా ఊహే కావచ్చు. అతను నిజంగా లైటే చూసి ఉండవచ్చు. నాకు వినిపించింది నా బీపీ వల్ల చెవుల్లో పుట్టిన మోత కావచ్చు. చెవి డాక్టర్‌కు చూపించుకున్నాను, దోషమేమీ లేదన్నాడు. ఆ చప్పుడు నా కోసం వచ్చిందా, సమ్మయ్య కోసమా, అసలు వచ్చిందా అనేది ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను. దయ్యాల్లేవనే అంటాను. కాకపోతే మునుపటిలా గట్టిగా అనలేను.

పదకొండో రోజు కర్మ అయ్యాక సమ్మయ్య భార్య పద్మ నన్ను పక్కకు పిలిచింది. చేతిలో ఆయన ఫోన్ ఉంది. గ్రూపులో ఆ రోజు నా పేరు పక్కన మేడం పెట్టిన నిమిషాలు చూసిందట.

"అన్నా, రోజు నలభై నిమిషాలు కూసుంటవ్ గదా. ఆ దినం పద్దెనిమిదికే ఎందుకు లేచినవ్?"

"ఉక్కపోసిందమ్మా" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం లేదు, నిజంగా తెలుసుకుందామనే చూసింది.

"ఆయనకు గూడ పోసే ఉంటది గదా అన్నా. మరి ఆయనెందుకు లేవలే?"

తల దించుకుని, తెలియదమ్మా అన్నాను.